కప్పు పట్టుకున్న నాలుగో మనిషి

ఆ ఫొటోలో నలుగురం ఉన్నాం. నేను, మా వదిన, మా మేనకోడలు, మా మధ్యలో ఒక మనిషి. కప్పు ఆ మనిషి చేతిలో ఉంది. మా వదిన చేతిలో మిక్సీ డబ్బా ఉంది. కింద "విజేతల జట్టు" అని రాసి నిజామాబాద్, బోధన్ వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిప్పారు. చూసినవాళ్లు నాకు ఫోన్ చేసి సంతోషం చెప్పారు. చెప్పాక, "ఆ నడుమ ఉన్న పిలగాడు ఎవలు, మస్తు తెలివిగల్లోని లెక్క ఉన్నడు" అని అడిగారు.

ఆ మనిషి మా జట్టులో లేడు. ఒక్క చిక్కుప్రశ్నకూ జవాబు చెప్పలేదు. సగం రాత్రి తన ఇంట్లో, తన మంచం మీద పడుకుని, లేచి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. ఈ మాట ఆరోజే వేదిక మీద నిలబడి చెప్పాను. మైకు వాళ్ల చేతిలో ఉంది కాబట్టి ఎవరికీ వినపడలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఆర్టీసీ కండక్టర్‌ని. బోధన్, నిజామాబాద్ మధ్య తిరిగే బస్సు. మా ఆయన అదే రోడ్డు మీద డ్రైవర్‌గా చేసేవాడు. ఆయన పోయాక ఆ ఇంటికి అన్నం పెట్టే దారి కావాలి కదా అని నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. ఆఖరి ట్రిప్పు దిగి, టికెట్ మిషన్ డిపోలో అప్పజెప్పి, ఒక్కదాన్నే ఇంటికి నడిచి రావడం నాకు ఏళ్ల అలవాటు. తోడెవరమ్మా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడగనందుకు నేను బాధపడిందీ లేదు. కాని అడగనివాళ్లే మా మేనకోడలి విషయం వచ్చేసరికి పెద్దమనుషులైపోయారు చూడండి, అక్కడ నాకు మండింది.

మేనకోడలు అంటే మా అన్న కూతురు. ల్యాబ్ టెక్నీషియన్ చదివింది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. కొత్తగా చేరేవాళ్లకు అక్కడ మొదట రాత్రి డ్యూటీలే. ఆ పిల్లకు ఆ పనంటే ప్రాణం. పసిపిల్లల చేతికి కూడా నొప్పి తెలియకుండా సూది పెట్టగలనని మురిసిపోతూ చెప్పేది. వచ్చే సోమవారం చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామని ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేశారు. మా అన్న వద్దన్నాడు. అన్నకు బోధన్‌లో కిరాణా దుకాణం. వదిన ఇంట్లో బీడీలు చేస్తుంది. ఇద్దరి కష్టంతోనే ఆ పిల్ల చదువు సాగింది.

"రాత్రి డ్యూటీ ఏంది? పగటి పని దొరికితె సూద్దాం" అన్నాడు అన్న.

"నేను చేస్తలేనా అన్నా?" అన్నాను.

"నీ సంగతి వేరే చెల్లె. నీకు తప్పలె. దీనికేం తక్కువైంది?"

ఆ మాట ఎంత సులువుగా అన్నాడో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడు పోయి, గతి లేక రాత్రి బయటికి వస్తే అది మర్యాద. పని మీద ఇష్టంతో బయటికి వస్తే మాత్రం అమర్యాద. బతుకమ్మ ఆడిన రాత్రుల్లో మేమంతా ఖాళీ తాంబాళాలు పట్టుకుని చీకట్లో నవ్వుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లం. అప్పుడు ఇదే అన్న, ప్రసాదం ఏం తెచ్చారని చెయ్యి చాపేవాడు. ఆ చీకటీ ఈ చీకటీ ఒకటే. ఊరూ ఒకటే.

ఆ వారంలోనే మేనకోడలి ఫోన్‌కు ట్రెజర్ హంట్ ప్రకటన వచ్చింది. నిజామాబాద్‌లో ఒక యువజన సంఘం వాళ్లు పెట్టారు. ముగ్గురో నలుగురో ఒక జట్టు. రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా ఊరూ, చుట్టుపక్కలా తిరగాలి. ఒక్కో చోట ఒక్కో చిక్కుప్రశ్న ఇస్తారు, విప్పితే తర్వాతి చోటు తెలుస్తుంది. వాళ్లింట్లో అందరం అన్నం తినేటప్పుడు ఆ పిల్ల ఈ సంగతి చెప్పి, పోతానంది. మా అన్న నవ్వాడు.

"పో. ఒక రాత్రంత మగతోడు లేకుండ తిరిగి, ఏ లొల్లి లేకుండ పొద్దున ఇంటికి రాండ్రి. అప్పుడు డ్యూటీకి నేనే ఒప్పుకుంట."

ఎవరూ పోరని ఆయన ధైర్యం. నేను వస్తానన్నాను. నేను అంటానని ఆయనకు తెలుసు, లెక్కచేయలేదు. కాని మూలన కూర్చున్న వదిన, ఒడిలో ఉన్న తంబాకు చాట పక్కన పెట్టి, "నేను గూడ వస్త" అంది. మా అన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెళ్లయినప్పటి నుంచి వదిన ఆయన మాట మీద మాట అని ఎరగదు. ఆ రోజు కూడా ఎదురు చెప్పలేదు, వస్తానని మాత్రం అంది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి ఆయనకు నోరు రాలేదు.

మా బండి దుకాణం ట్రాలీ ఆటో. మేనకోడలికి లైసెన్స్ ఉంది. పగలు దుకాణం సరుకు తెచ్చేది ఆ పిల్లే. ఉల్లిగడ్డ బస్తాలతో నిజామాబాద్ నుంచి వస్తే ఏ భయమూ లేదు మా అన్నకు. బస్తాల స్థానంలో అమ్మను, అత్తను ఎక్కించుకుంటేనే భయం. వెనక గోనెసంచులు పరిచి నేనూ వదినా కూర్చున్నాం. వదిన జొన్నరొట్టెలు, ఉల్లికారం మూట కట్టుకుంది.

మైదానంలో చాలా జట్లు ఉన్నాయి. అంతా కాలేజీ పిల్లలు, మోటార్‌సైకిళ్లు, పసుపు టీషర్టుల వాలంటీర్లు. మెడలో కార్డు వేసుకున్న నిర్వాహకుడు ఒకతను మా దగ్గరికి వచ్చి, వెనక నిలబడిన ఒక మనిషిని చూపించాడు. ముప్పై దాటిన మనిషి, బైకు తాళం వేలికి తిప్పుతున్నాడు.

"అక్కా, మీ ఎంబడి మా వాలంటీర్ ఒకాయన ఉంటడు. ఆడోళ్ల జట్టుకు రూల్."

"ఏడ రాసిండ్రు ఆ రూల్?" అన్నాను.

"మీ సేఫ్టీకే గదక్కా. ఎందుకు పరేషాన్ అయితరు?"

మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, బాపు మగతోడు లేకుండ అన్నడు గదా" అని నెమ్మదిగా అంది. దాని ముఖం వాడిపోయింది. నేను ఆ నిర్వాహకుడితో గట్టిగానే మాట్లాడాను. వద్దంటే పేరు కొట్టేస్తానన్నాడు. చివరికి ఆ పిల్లే సర్దుకుని, "రిఫరీ అనుకుందాం అత్తా. మన జట్టోడు గాదు గదా" అంది. సరేనన్నాం. నా నోరు మాత్రం మూతపడలేదు. రాత్రి పూట తోడు లేకుండా తిరగలేమని మాకు చెప్పేవాడు, బస్సులో టికెట్ తీసుకోకుండా లొల్లి చేసే తాగుబోతుల్ని రోజూ కాలర్ పట్టి దింపేదాన్ని నేనని తెలియక చెప్పాడు.

మొదటి చిక్కుప్రశ్న చీటీ మీద ఇలా ఉంది. నిండుగా ఒకసారి ఎక్కుతారు, ఖాళీగా ఒకసారి ఎక్కుతారు, రెంటికీ మధ్య ఉన్న తేడాకే విలువ. నేను బస్సు అనుకున్నాను. మేనకోడలు నవ్వింది. "కాదత్తా. ల్యాబుల మేము గూడ ఖాళీ గిన్నె తూసి, నిండినంక మళ్ల తూస్తం. ఇది కాంటా" అంది. లారీని సరుకుతో ఒకసారి, దించాక ఒకసారి తూచే కాంటా మార్కెట్ గంజ్‌లో ఉంది. పసుపు వాసన ఘాటుగా కొడుతున్న ఆ గంజ్‌లోకి ట్రాలీ పోయేసరికి మాకంటే ముందు ఒక్క జట్టే వచ్చింది. నలుగురు కాలేజీ ఆడపిల్లలు, రెండు స్కూటీలు. అక్కడి వాలంటీర్ మా మణికట్ల మీద సిరా ముద్ర వేశాడు. చేరిన చోటల్లా ఒక ముద్ర వేస్తారు, అదే రుజువు.

"మీ ఎంబడి వాలంటీర్ ఏడి?" అని ఆ పిల్లల్ని అడిగాను.

"ఏ వాలంటీర్ ఆంటీ?" అన్నారు వాళ్లు.

నాకు ఇంకా మండింది. ఆడపిల్లలకు అక్కర్లేని కాపలా మాకే ఎందుకు? పెద్దవాళ్లమయ్యామని అనుకున్నారా, పల్లెటూరి మొద్దులనుకున్నారా? మా వెనక బైకు మీద కూర్చుని ఆవలిస్తున్న మనిషిని అడిగితే, "నాకేం తెల్వదక్కా, పొమ్మన్నరు, వచ్చిన" అన్నాడు.

రెండోది నాకోసమే రాసినట్టుంది. పేరు మూడు భాషల్లో రాసి ఉంటుంది, అయినా అందరూ అడిగే ఎక్కుతారు. బస్సు బోర్డు. బోర్డు ఎంత పెద్దగా రాసినా కండక్టర్‌ను అడగందే ఎక్కని జనాన్ని నేను రోజూ చూస్తాను. మూడు భాషలంటే మహారాష్ట్ర వైపు పోయే బస్సులు. స్కూటీ పిల్లల కంటే ముందే నేరుగా బస్టాండ్‌లో ఆ ప్లాట్‌ఫారం దగ్గరికి పోయాం. మేం ముద్ర వేయించుకుంటుండగానే ఒక ముసలామె నా దగ్గరికి వచ్చి, "నాందేడ్‌చీ గాడీ కుఠే లాగతే?" అని మరాఠీలో అడిగింది, నాందేడ్ బస్సు ఎక్కడ ఆగుతుందని. యూనిఫాం లేకపోయినా నా ముఖం మీద కండక్టర్ అని రాసి ఉంటుంది కాబోలు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టి, పొద్దున్నే బస్సు వచ్చే చోటు చూపించాను. ఆమె కూడా ఒక్కతే. మూటను తలకింద పెట్టుకుని అక్కడే పడుకుంది. ఆమెకు ఏ సంఘం వాళ్లూ వాలంటీర్‌ను పంపలేదు.

మూడో దాని దగ్గర మేం దెబ్బతిన్నాం. తప్పు మా వదినది, కాని వదినను ఏమీ అనలేను. చీటీలో ఏముందంటే, పొద్దున తడుపుతారు, మధ్యాహ్నం కోస్తారు, సాయంత్రం చుట్టి దారం కడతారు. నేనూ మేనకోడలూ ఒకేసారి బీడీ అన్నాం. వదిన తల అడ్డంగా ఊపింది.

"ఆకు రాత్రి తడుపుతం. తడిబట్టల చుట్టి పెట్టి పొద్దున కోస్తం. పొద్దున తడిపి మధ్యాహ్నం కోస్తె ఆకు ఏడ మెత్తవడ్తది? ఇది బీడి గాదు."

"రాసినోళ్లకు అంత తెల్వదమ్మా, గది బీడే" అంది మేనకోడలు.

"తెల్వకుంట ఎట్ల రాస్తరు? పూలై ఉంటయి. నీళ్లు చల్లుతరు, కాడలు కోస్తరు, దండ కడ్తరు."

పుట్టిన ఊరిలో, మెట్టిన ఊరిలో, పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి బీడీలు చేసిన మనిషి అది బీడీ కాదంటుంటే మేమెట్లా ఎదురు చెప్తాం? పూల దుకాణాల వీధికి పోయాం. అక్కడ పసుపు టీషర్టు లేదు. పెళ్లి ఆర్డర్‌కు మాలలు కడుతున్న ఒకామె మాత్రం ఉంది. మా కథ విని నవ్వీ నవ్వీ దారం చేతిలోంచి జారవిడిచింది. అక్కడి నుంచి బీడీ కార్ఖానా గేటు దగ్గరికి పోయేసరికి రెండు జట్లు మమ్మల్ని దాటిపోయాయి. వాలంటీర్ ముద్ర వేయబోతూ వదిన వేళ్లు చూసి, "చేతులకేమైందమ్మా, ఇంత నల్లగయినయి?" అని అడిగాడు. తంబాకు నలుపు అది, సబ్బుకు పోదు. వదిన తిరిగి ప్రశ్న వేసింది.

"ఇది రాసినోడు ఎన్నడన్న బీడి చేసిండా?"

అతనికి అర్థం కాలేదు. నాకు మాత్రం కడుపు నిండింది. బీడీ మీద ప్రశ్న రాస్తారు, బీడీ చేసే ఆడవాళ్లు గల్లీకి వందమంది ఉన్న ఊళ్లో ఒక్కరినైనా అడిగి రాయరు. అడగకుండా రాసినవాళ్లకు ఏ నష్టమూ లేదు. తెలిసిన మేమే వెనకబడ్డాం.

నాలుగోది చదవగానే ముగ్గురికీ తెలిసిపోయింది. తీపి చేసి చేసి నోరు మూసుకుంది, మెడ ఎత్తి నిలబడింది, పొగ రాదు. మా బోధన్ చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ. మా బాపు అందులో పనిచేశాడు. సీజన్ మొదలైతే మా ఇంట్లో బట్టలకు కూడా బెల్లం పాకం వాసన ఉండేది. మూతపడ్డాక బాపు సైకిల్ వేసుకుని పొద్దున్నే గేటు దాకా పోయి తిరిగి వచ్చేవాడు. ఎందుకు పోతున్నావని అడిగే ధైర్యం మాకు లేకపోయేది. ఆ గేటు ఇప్పుడు ఆటలో ఒక చిక్కుప్రశ్న. విప్పితే ముద్ర వేస్తారు. మేము ఏడవాలా, పరుగెత్తాలా? పరుగెత్తాం. అప్పటికి గెలవాలన్న పంతం నాకూ పట్టింది.

బోధన్ రోడ్డు మీద సగం దాటాక, ఎడపల్లి దగ్గర, లారీవాళ్ల కోసం తెరిచి ఉంచే చాయ్ హోటల్ ముందు ఆగాం. వదిన రొట్టెల మూట విప్పింది. వెనక వచ్చిన మనిషి బైకు దిగి దూరంగా నిలబడితే, వదిన పిలిచి రొట్టె చేతిలో పెట్టింది. ఎవరికైనా అన్నం పెడితే వదిన ఊరుకోదు. ఎవరింటి వాళ్లో, ఏ వరసవుతారో తేల్చుకోవాలి. మా వైపు ఆడవాళ్లంతా అంతే. బస్సులో పక్క సీటు మనిషి దిగేలోపు చిన్నమ్మో, అత్తో అయిపోతుంది.

"ఎవలింటి పిలగానివి బిడ్డా?"

అతను నీళ్లు నమిలాడు. "బోధనే చిన్నమ్మా" అన్నాడు.

"బోధన్‌ల ఎవలు?"

"పిండిగిర్ని ఇంటోళ్లం" అన్నాడు. అంటే పిండిమర వాళ్లు.

"గిర్నాయన పెద్దకొడుకువా? మీ నాయిన మా ఇంటాయనకు దోస్తు గదా. నీ పెండ్లికి వచ్చినం మేము. గడ్డం వెంచితివి, గుర్తువట్టలె. నిజామాబాద్ సంఘంల నువ్వెట్ల ఉన్నవు మల్ల?"

రొట్టె చేతిలో ఉంది, పెట్టిన మనిషి ఎదురుగా ఉంది, అబద్ధం ఎట్లా ఆడతాడు? "సంఘంల లేను చిన్నమ్మా. కాకనే ఫోన్ జేసిండు. రాత్రంత ఆడోళ్ల ఎన్కాల ఉండుమన్నడు. సంఘపాయనకు గూడ కాకనే చెప్పుకున్నడు. మీకు చెప్పొద్దన్నడు."

కాక అంటే మా అన్న.

ఆడోళ్ల జట్టుకు రూల్ అన్నది మా ఇంట్లో పుట్టిన రూల్. మగతోడు లేకుండా తిరిగి రమ్మని షరతు పెట్టిందీ ఆయనే. మగతోడును వెనక పంపిందీ ఆయనే. రేపు పొద్దున తోడు ఉన్నాడు కదా అని ఉద్యోగం వద్దంటాడు. కూతురికి ఆట ఇచ్చి, గెలవకుండా ముందే కట్టేసి, దుకాణం షట్టర్ వేసుకుని హాయిగా పడుకున్నాడు. మేనకోడలు ట్రాలీ హ్యాండిల్ మీద తల పెట్టుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"పద, ఇంటికి పోదాం. ఇప్పుడే లేపి అడుగుత" అన్నాను నేను.

వదిన రొట్టెల మూట కట్టేసింది. "ఆట అయిపోలేదు గదా వదినె" అంది. తర్వాత ఆ మనిషితో, "నువ్వు ఇంటికి పోయి పండుకో బిడ్డా. పెండ్లాం ఎదురుసూస్తుంటది. మేము పోతం" అంది.

కాక తిడతాడని అతను చిమ్నీ గేటు దాకా వెనకే వచ్చాడు. అక్కడ మాకు ముద్ర వేశారు. ఆ గేటుకు మా అన్న ఇల్లు ఎంతో దూరం లేదు. నా కాళ్లు అటే లాగాయి. అక్కడే అతను బైకు తిప్పుకుని, "పోతున్న చిన్నమ్మా, నిద్ర వస్తుంది" అని వెళ్లిపోయాడు. నిజంగానే వెళ్లిపోయాడు. చీకటి గాఢంగా ఉన్న వేళకు, చెరుకు తోటల నడుమ ఉన్న రోడ్డుకు, మేము ముగ్గురమే మిగిలాం.

ఏమైందంటారా? ఏమీ కాలేదు. ఒక టైరు గాలి తగ్గితే నేనూ వదినా దిగి చూశాం. వరి కోత మిషన్ ఒకటి ఎదురొస్తే దారి ఇచ్చాం. వదిన వెనక కూర్చుని బతుకమ్మ పాట ఎత్తుకుంది, చలికి గొంతు వణుకుతున్నా ఆపలేదు. ఆఖరి చీటీలోని జవాబు రైల్వే గేటు. అది మేనకోడలు బండి నడుపుతూనే విప్పింది. ఆగితేనే నలుగురూ కలుస్తారు, తెరిస్తే ఎవరి దారి వాళ్లది అని రాసి ఉంది. ముందు పోయిన రెండు జట్లు ఆ చీటీ పట్టుకుని సినిమా హాలు చుట్టూ తిరుగుతున్నాయట. తెల్లవారకముందే మేం ఐదో ముద్రతో మైదానంలోకి వచ్చాం. మాకంటే ముందు ఎవరూ లేరు.

ఎండ పడ్డాక వేదిక మీదికి పిలిచారు. ముఖ్య అతిథి ఎవరో తెల్ల చొక్కా పెద్దమనిషి. మా జట్టు పేరు చదివాక అటూ ఇటూ చూశాడు. అప్పుడు కనపడ్డాడు గిర్ని పిలగాడు, ఇస్త్రీ చొక్కాతో, మెరిసే ముఖంతో. మమ్మల్ని క్షేమంగా తెచ్చినట్టు మా అన్నకు ఫొటో పంపాలట, అందుకని పొద్దున్నే బైకు మీద వచ్చాడు. నిర్వాహకుడు అతని భుజం మీద చెయ్యి వేసి పైకి తెచ్చాడు. పెద్దమనిషి ముఖం వెలిగింది. కప్పు తీసి అతని చేతిలో పెట్టాడు. మిక్సీ డబ్బా మా వదిన చేతిలో పెట్టి, "వంటింట్ల పనికొస్తదమ్మా" అన్నాడు.

"ఈయన మా జట్టు గాదు. చేతులు సూడుండ్రి" అని నా మణికట్టు చూపించాను. అయిదు ముద్రలు. మేనకోడలు, వదిన కూడా చూపించారు. అతని చెయ్యి శుభ్రంగా ఉంది. నిర్వాహకుడు మైకు పక్కకు తిప్పి, "గెలిచిండ్రు గదక్కా, లొల్లి ఎందుకు" అన్నాడు. ఫొటో తీసేశారు. గిర్ని పిలగాడు సిగ్గుతో కప్పు నాకు ఇవ్వబోయాడు, అది నిజమే, కాని అప్పటికి ఫొటో అయిపోయింది.

ఇంటికి పోయేసరికి మా అన్న గడపలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఫొటో చూస్తున్నాడు. ముఖమంతా సంతోషం.

"గెలిచిండ్రు. మంచిగైంది. మనోడు ఎంబడి ఉన్నడు కాబట్టి నాకు జర నిద్ర పట్టింది" అన్నాడు. తర్వాత కూతురి వైపు చూడకుండా, "తోడు లేకుండ అనుకున్నం గదా. అయినా ఏదో ఒక పగటి పని సూద్దాం బిడ్డా" అన్నాడు.

నేను నోరు తెరిచాను. వదిన నన్ను ఆపింది. మిక్సీ డబ్బా ఆయన ముందు నేల మీద పెట్టింది.

"మనోడు చిమ్నీ కాడికెల్లి ఇంటికి పోయి పండుకున్నడు."

"ఎప్పుడు?"

"నువ్వు పండుకున్నప్పుడే. చిమ్నీ కాడికెల్లి నిజామాబాద్ దాక మేము ముగ్గురమే. తోటల పొంటి, చీకట్ల."

మా అన్న లేచి నిలబడ్డాడు. జరిగిపోయిన రాత్రికి అప్పుడు భయపడ్డాడు. "ఏమన్న అయిందా?" అని అడిగాడు.

"ఏం గాలె" అంది వదిన. "గదే చెప్తున్న." లోపలికి పోయి, చాట ముందేసుకుని, ఆగిపోయిన చోటు నుంచి బీడీలు మొదలుపెట్టింది. ఆయన అడిగిన ఇంకే ప్రశ్నకూ తల ఎత్తలేదు.

ఆదివారం సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. చివరికి అన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ కూడా ఒక కొర్రీ వేశాడు. "పొమ్మను. కాని రోజు నేనే దింపి వస్త."

సోమవారం సాయంత్రం తండ్రీ కూతుళ్లు నా బస్సే ఎక్కారు. ఆడవాళ్లకు ఛార్జీ లేదు కాబట్టి మేనకోడలికి జీరో టికెట్ కొట్టాను. అన్నకు డబ్బులు తీసుకుని టికెట్ కొట్టాను. నిజామాబాద్ బస్టాండ్‌లో ఆ పిల్ల టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, "పోయొస్త బాపు" అని దిగింది. ఆయన కూడా లేచాడు.

"దిగితె దిగు అన్నా. ఇది ఆఖరి ట్రిప్పు. మల్ల తెల్లారేదాక బోధన్‌కు బస్సు లేదు" అన్నాను.

ఈ సంగతి ఆయన ఆలోచించలేదు. దింపి రావడమంటే దింపడమే అనుకున్నాడు, రావడం గురించి అనుకోలేదు. పొద్దున్నే దుకాణం తెరవాలి. ఊళ్లో పడుకునే చోటు లేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడి చూశాడు. మేనకోడలు రోడ్డు దాటింది, ఎదుట ఉన్న ఆసుపత్రి మెట్లెక్కింది, వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన వచ్చి నా ముందు సీట్లో కూర్చున్నాడు.

బోధన్‌లో నేను మిషన్ అప్పజెప్పేదాకా డిపో బయట బెంచీ మీద నాకోసం కాచుకుని ఉన్నాడు. మా గల్లీలో వీధి దీపాలు ఎప్పుడూ వెలగవు. మాంసం కొట్టు దగ్గర కుక్కలు లేచి మొరిగాయి. మా అన్న గబుక్కున నాకు ఇవతలి వైపు, గోడ పక్కకు వచ్చేశాడు.

"నిన్ను ఏమనయా ఇవి?"

"రోజు వస్త గదా. గుర్తు వడ్తయి."

తన ఇల్లు వచ్చేదాకా నా కొంగు అందేంత దూరంలోనే నడిచాడు. వదిన తలుపు తీస్తే, "చెల్లె ఉన్నది కాబట్టి వచ్చిన. లేకుంటె ఈ చీకట్ల కష్టమే" అన్నాడు. లోపలికి పోయి గడియ వేసుకున్నాడు. అక్కడి నుంచి మా ఇల్లు ఇంకో రెండు గల్లీల అవతల. అదే చీకటి, అవే కుక్కలు. నాకు తోడెవరని మా అన్న అడగలేదు.